కాగు అలిగితే ఊరికో అబద్ధం

పొద్దున లేచినప్పటి నుంచి ఈ గడియ దాకా మీ చేతి మీదుగా ఊరి మీదికి ఎన్ని అబద్ధాలు వెళ్లాయో చెప్పగలరా? కోపం వద్దు. మిమ్మల్ని అబద్ధాలకోరు అనడం లేదు. మీ దగ్గర ఫోను ఉందా అని మాత్రమే అడుగుతున్నాను. ఉంటే ఇంకో మాట కూడా చెప్పాలి, దాన్ని చివరికి అట్టిపెడతాను. ముందు నా ఉద్యోగం సంగతి వినండి. రిటైరైనవాడి ఉద్యోగం కథ వినడం ఒక శిక్షే, ఒప్పుకుంటాను. కాని ఈ కథలో నాకు విగ్గు పెట్టారు, నా జుట్టు లాగారు, ఆఖరికి నా ముందు కొబ్బరికాయ కూడా కొట్టారు. కాబట్టి మీకు కాలక్షేపానికి లోటుండదు.

నాది రంగుల ఉద్యోగం. జనగామ నుంచి పాలకుర్తికి పోయే దారిలో ఒక ఊరి చివర ప్రభుత్వం వారి అద్దకపు కేంద్రం ఉండేది. కేంద్రం అంటే రేకుల షెడ్డు, షెడ్డులో వరుసగా పెద్ద పెద్ద కాగులు, బయట నూలు ఆరవేసే దండేలు. దానికి నేను ఇన్‌చార్జిని. అరవై తొమ్మిది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో కాలేజీ మూతపడితే రోడ్డెక్కిన కుర్రాళ్లలో నేనొకణ్ని. తర్వాత బుద్ధిగా పరీక్ష రాసి ఈ నౌకరీలో పడ్డాను. వారమంతా రంగులు, ఆదివారం హేతువాదం. జనగామ స్టేషన్ దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద కొందరం కూడేవాళ్లం. దేవుడున్నాడా, దయ్యముందా, అన్ని ముహూర్తాలు చూసి చేసిన పెళ్లిళ్లలో ఇన్ని కొట్లాటలెందుకు, ఇవీ మా చర్చలు. ఎవరు ఏం చెప్పినా మా అధ్యక్షుడు, ఆయన ఒక లెక్చరర్, కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని "ఆధారం?" అనేవాడు. ఆ ఒక్క మాట కోసమే నేను ఆయనకు శిష్యుణ్నయ్యాను.

మా కాగుల్లో ఉడికేది సండ్ర చెక్క. దాని గురించి మీకు తెలియకపోతే తప్పు మీది కాదు, మీ పాఠ్యపుస్తకాలది. సండ్ర ముళ్ల చెట్టు, చూడటానికి ఏమంత అందగత్తె కాదు. కాని మానును నరికి పైనున్న తెల్లచెక్కను చెక్కేస్తే లోపల ఎర్రటి చేవ ఉంటుంది. రాయిలాంటిది. మీ నాయనమ్మ వడ్లు దంచిన రోకలి ఆ చేవదే. తాంబూలం వేసుకుంటే నోరు ఎర్రగా పండేది పెనిమిటి ప్రేమ వల్ల కాదు, ఆ చేవను ఉడికించి, చిక్కబరిచి, అచ్చులు పోసిన కాచు వల్ల. కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేపలు పట్టేవాళ్లు తమ వలలను సండ్ర నీళ్లలో నానబెట్టేవాళ్లు, నీళ్లలో ఎంత నానినా నూలు తొందరగా కుళ్లకుండా. నోరు పూస్తే దవాఖాన కంటే ముందు సండ్ర నీళ్లే పుక్కిలించేవాళ్లు. బట్టకు వేస్తే చక్కని మట్టి ఎరుపు, ఎన్నిసార్లు ఉతికినా కదలదు. ఇక హోమంలో వేయడానికి సండ్ర పుల్ల మహా పవిత్రం. ఇదిగో, ఇక్కడే నాకు మండుతుంది. అదే చెక్క గుండంలో కాలితే పుణ్యమట, కాగులో ఉడికితే మైలట. కాల్చినవాడు గడప లోపల, ఉడికించినవాడు ఊరి చివర. పాపం, చెట్టుకు తన కులం ఏదో తెలియదు, మనం చెప్పాం.

ఎరుపుకు పతంగి చెక్క, మట్టిరంగుకు సండ్ర, పసుపుకు మోదుగపూలు, ఇదీ మా తాతల నాటి పద్ధతి. తర్వాత డబ్బా రంగులు వచ్చాయి. చెంచాడు పొడి, బకెట్టు నీళ్లు, పని ఖతం. చెక్క రంగు తీసేవాళ్లు కూలికి పోయారు. డెబ్బైల మొదట్లో పైదేశాల వాళ్లకు ఉన్నట్టుండి చెక్క రంగు మీద మోజు పుట్టింది. వాళ్లకు మోజు పుడితే మన సర్కారుకు జ్ఞానోదయం అవుతుంది. అలా పుట్టింది మా కేంద్రం.

కూలికి పోయిన పాత అద్దకం వాళ్లను వెతికి పట్టుకొచ్చాం. వాళ్లందరికీ పెద్ద ఒక అవ్వ. నిలువునా ఎండిన మనిషి, ఎప్పుడూ దవడలో కిళ్లీ. కాగులో నూలు ముంచి తీసి తన నాలుక పక్కన పెట్టి, "ఇంకా నా నాలిక లెక్క కాలె, మళ్ల ముంచుండ్రి" అనేది. సర్కారు వారు పంపిన రంగుల నమూనా అట్టను బల్ల కింద పెట్టుకుని, ఆ నాలుకను చూసే మేం పనిచేసేవాళ్లం.

అవ్వకూ నాకూ తగువు ఎక్కడ వచ్చిందంటే, కాగు దగ్గర. నూలుకు రంగు సరిగా పట్టకపోతే వాళ్లు "కాగు అలిగింది" అనేవాళ్లు. అలిగిన కాగును సముదాయించాలంటే ఊరి మీదికి ఒక అబద్ధం విడవాలి. నిజంగానే. పెద్దమనిషి ఎవరో సంతకు పోయి ఎవరి చెవిలోనో ఒక లేనిపోని మాట వేసి రావాలి. ఆ మాట ఊళ్లన్నీ తిరిగి, ఉబ్బి, ముక్కూ మొహం తెలియని మనిషి నోటి నుంచి మళ్లీ షెడ్డు గడపలోకి రావాలి. అప్పటిదాకా నూలును రోజూ ముంచడం, పిండడం, నీడన ఆరవేయడం, మళ్లీ ముంచడం. మాట తిరిగొచ్చిన రోజే తుది కడుగు. ఆలోగా షెడ్డు మనిషి ఎవరూ ఆ మాటను అవునని అనకూడదు, కాదని అనకూడదు. అంటే కాగు విరిగిపోతుందట. ఈ ఆచారం అసలు నీలిమందు కాగులదని, దాన్ని వీళ్లు చెక్క కాగులకు ఎత్తుకొచ్చారని నేను కనిపెట్టాను. కనిపెట్టి ఏం లాభం? ఎవరూ నన్ను అడగలేదు.

"అవ్వా, అబద్ధానికీ రంగుకూ ఏం సంబంధం?" అంటే ఆమె జవాబు సిద్ధంగా ఉండేది.

"అరువైతొమ్మిదిల సూడాల్సింది సారు! ఊరూరికి పుకార్లే పుకార్లు. గా యేడు ఏం ముంచినా రంగు పట్టె. మేం ఒక్క మాట గూడ ఇడువలె. అన్ని మీ పోరగాళ్లే ఇడిసిన్రు."

నేను ఆ పోరగాళ్లలో ఒకణ్ని అని ఆమెకు ఎలా తెలుసో ఇప్పటికీ తెలియదు.

అబద్ధానికి నియమాలు కూడా ఉన్నాయి. ఎవరి కడుపూ కొట్టకూడదు, ఎవరి కాపురం మీదా పడకూడదు. "గోదాట్ల రెండు తోకల మొసలి దొరికింది", "జనగామ టేషన్ల టికెట్టుకు బెల్లం ముక్క ఇస్తున్నరు", ఇలాంటివి. ఇంకో నియమం కూడా ఉందని నాకు తర్వాత తెలిసింది, దాన్ని మీకూ తర్వాతే చెబుతాను. ఎమర్జెన్సీలో ప్రతి ఆఫీసుకూ "వదంతులు నమ్మకండి" అని పోస్టర్లు వచ్చాయి. సర్కారు, నేను ఒకే మాట మీద ఉన్నది బహుశా ఆ ఒక్క విషయంలోనే. ఎంతో ఇష్టంగా దాన్ని పెద్ద కాగుకు ఎదురుగా అంటించాను. ఎమర్జెన్సీ పోయింది, పోస్టర్ పోలేదు. కాని అంచులు రోజురోజుకూ తరిగిపోతుంటే ఎలకలేమో అనుకున్నాను. తర్వాత చూస్తే అవ్వ కాచు పొట్లాలన్నీ "నమ్మకండి" అక్షరాలతో ఉన్నాయి.

అలా నవ్వుకుంటూ తగువులాడుకుంటున్న రోజుల్లో కాటారం అడవి నుంచి ఒక లారీ లోడు చెక్క దిగింది. దుంగలు తిప్పి చూశాను. లేత చెట్లు. ఇంత తెల్లచెక్క, మధ్యలో వేలంత చేవ. నరికినవాడికి బరువుతోనే పని. చెట్టుకు చేవ పట్టడానికి ఏళ్లు పడతాయి, గొడ్డలికి పూట చాలు. సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి మా పెద్దసారు కబురు పంపాడు. ఈ విడత నూలు చూడటానికి స్వయంగా వస్తానని, రంగు నిలిస్తే కేంద్రం నిలుస్తుందని, లేకపోతే కాగులు వేలానికి పెట్టి షెడ్డుకు తాళం వేస్తారని. మళ్లీ కూలికి పోవాల్సింది నేను కాదు. నాకు ఇంకో ఆఫీసు, ఇంకో కుర్చీ దొరుకుతుంది. అవ్వకూ ఆమె వెనకున్న ఇళ్లకూ ఆ కాగులే కుర్చీలు.

నేను పుస్తకం తెరిచాను. పుస్తకంలో రాసినట్టు చెక్కను ఇంకా గట్టిగా మరిగించాను. మైలుతుత్తం ఇంకొంచెం వేశాను. నూలును ఒకేసారి ముంచి, చాలాసేపు ఉడికించి, కడిగి ఆరవేశాను. దండెం మీద అది చాయ్ ఒలికిన ధోవతిలా వేలాడింది.

అవ్వ వచ్చి చూసింది. నాలుక బయట పెట్టలేదు. పోల్చడానికి కూడా పనికిరాదని అర్థం.

"కాగు అలిగింది సారు. మాట ఇడువాలె."

"కాగు అలగలేదు అవ్వా. చెక్కలో చేవ లేదు."

"అలిగినోళ్లకు గూడ ఏదో ఒకటి లేకనే గద అలుగుతరు."

"నా కేంద్రంలో పుకార్లు పుట్టించడానికి నేను ఒప్పుకోను."

"నువ్వు ఒప్పుకునేది ఏంది సారు? మాటకు నీ దస్కత్ గావాల్నా?"

మర్నాడే పాలకుర్తి సంత. అవ్వ పొద్దున్నే తల దువ్వుకుని, కొంగు దోపుకుని పోయింది. మధ్యాహ్నం తిరిగొచ్చి కొత్త నూలు తీసి, నేను మరిగించిన కాగును చల్లార్చి, తన పద్ధతిలో ముంచడం మొదలుపెట్టింది. ఏం మాట విడిచావని అడిగితే "ఇడిసినంక చెప్పొద్దు" అంది. ఆమె ముఖంలో దొంగ నవ్వు ఉంది కాని, నాకు రెండు తోకల మొసలే గుర్తొచ్చి ఊరుకున్నాను.

రెండు మూడు రోజులకు మా అటెండర్ నా ఎదుట నిలబడి నా నెత్తి వంకే చూడటం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా?"

"ఏం లేదు సార్. మీరు కాళేశ్వరం పోయి, గోదాట్ల మునిగి, గుండు గీయించుకున్నరట."

"నెత్తి మీద జుట్టు కనిపిస్తలేదా?"

"విగ్గు అంటున్నరు సార్."

నేను లేచిన వేగానికి కుర్చీ పడిపోయింది. తిన్నగా కాగు దగ్గరికి పోయాను. "అవ్వా! ఎవరికీ హాని చేయని మాటే విడవాలి అన్నావు. మరి నా పరువు?"

అవ్వ నూలు పిండుతూ తల కూడా ఎత్తలేదు. "దేవునికి దండం పెట్టుకున్నడంటే పరువు పోతదా సారు? ఊర్ల అందరు పెట్టుకుంటనే ఉన్నరు. ఎవ్వల పరువు పోయింది?"

బయటికి వచ్చి, ఇప్పుడే సంతకు పోయి ఇదంతా అబద్ధమని చెప్పి వస్తానన్నాను. అటెండర్ అడ్డం వచ్చాడు.

"సార్, జర ఆలోచించుండ్రి. మీరు కాదంటే కాగు ఇరిగిందని అవ్వ చేతులు కడుక్కుంటది. మిగిలినోళ్లు ఆమె ఎనుకే పోతరు. గప్పుడు పెద్దసారుకు ఏం చూపెడ్తరు? మీ జుట్టు చూపెడ్తరా?"

వాడన్నది నిజం. నాకు ఆ నమ్మకం లేదు, వాళ్లకు ఉంది, నూలు వాళ్ల చేతుల్లో ఉంది. "కాదు" అనే రెండక్షరాలు నా నోట్లోంచి వస్తే షెడ్డుకు తాళం. రాకపోతే నా పేరుకు గుండు. చేసేదేమీ లేక నోరు కట్టుకున్నాను.

ఆ ఆదివారం మానుకోటలో మా వాళ్ల సభ. "విద్యావంతుల మూఢనమ్మకాలు" అనే అంశం మీద నా ఉపన్యాసం ఉందని ముందే కరపత్రాలు వేశారు. జనగామలో ప్యాసింజర్ ఎక్కి పోయాను. స్కూలు హాల్లోకి అడుగు పెట్టగానే గుసగుసలు ఆగిపోయాయి. ఆగిపోయిన గుసగుస ఎవరి గురించో చెప్పాల్సిన పనిలేదు కదా. నన్ను మైకు దగ్గరికి కాకుండా బల్ల ముందుకు పిలిచారు. అధ్యక్షుడు కళ్లద్దాలు తీయలేదు. ఇంకా బిగించుకున్నాడు.

"నువ్వు కాళేశ్వరం వెళ్లి మొక్కు తీర్చుకున్నావని విన్నాం. అవునా, కాదా? ఒక్క మాట చెప్పు, చాలు."

"చెప్పను."

హాలంతా గోల. "చూశారా!" అన్నారెవరో.

"మీలో నన్ను అక్కడ చూసినవాళ్లు ఎవరు?" అని అడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు. "మరి ఆధారం?"

"నీ మౌనమే ఆధారం" అన్నాడు నాకు ఆధారం అనే మాట నేర్పిన మనిషి.

అప్పుడొక ఉత్సాహవంతుడు లేచి, మాటలెందుకు, ప్రయోగం చేద్దాం, జుట్టు లాగి చూస్తే తేలిపోతుందన్నాడు. ప్రయోగానికి హేతువాది అడ్డు చెప్పకూడదు. తల వంచాను. ఇద్దరు లాగారు. జుట్టు రాలేదు, నాకు కన్నీళ్లు వచ్చాయి. ఇక తేలిపోయిందనుకున్నాను. కాని మనిషి బుర్ర గొప్పతనం అక్కడే ఉంది. "అయితే గుండు మాత్రం అబద్ధం. పూజ నిజం" అని తీర్మానించారు. పైగా ఇంకొకాయన నా కన్నీళ్లు చూసి, "పశ్చాత్తాపపడుతున్నాడు, వదిలేయండి" అన్నాడు. సంజాయిషీ ఇచ్చేదాకా నన్ను చర్చలకు రావద్దన్నారు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, నొప్పి పుడుతున్న నెత్తిని రాసుకుంటూ, పుకారుకూ రంగుకూ తేడా ఏమిటా అని ఆలోచించాను. రంగు ఎంత మంచి నూలుకైనా ఒక్కోసారి పట్టదు. పుకారుకు ఆ ఇబ్బంది లేదు, ఎంత చదువుకున్నవాడికైనా పడుతుంది.

చివరికి పెద్దసారు వచ్చే రోజు వచ్చింది. మాట మాత్రం ఇంకా షెడ్డు గడప తొక్కలేదు. నూలు నానుతూనే ఉంది, అవ్వ తుది కడుగు వేయనంటోంది. "అవ్వా, జీపు దారిలో ఉంది" అని బతిమాలాను. "మాట గూడ తొవ్వల్నే ఉన్నది సారు, పరేషాన్ గాకు" అంది.

జీపు కంటే ముందు ఒక ముసలి జంట వచ్చింది. భూపాలపల్లి అవతలి నుంచి బస్సులు మారి వచ్చారట. ముసలాయన చేతిలో కొబ్బరికాయ, ఆమె చంకలో ఖాళీ సీసా. ముసలాయన గడప దగ్గరే చెప్పులు విడిచి లోపలికి తొంగి చూశాడు.

"గీడ కాగులల్ల కాళేశ్వరం గోదారి ఊరుతున్నదట గద నాయిన? దేవుణ్ని నమ్మని సారుకు దేవుడే కలల కనబడి, నీ కాగులకే వస్త అన్నడట. మా ఆమెకు మోకాళ్లు పట్టుకపోయినయి. జర నీళ్లు పోయిస్తవా?"

వెనక నుంచి అవ్వ కేక వేసింది. "వచ్చింది మాట! ఎంత గనం పెరిగి వచ్చింది సూడు! కడుగుండ్రి పిల్లలూ, కడుగుండ్రి నూలు!"

మాట తిరిగొచ్చింది కాబట్టి నా నోటికి కట్టిన కట్టు కూడా విప్పినట్టే. ఇన్నాళ్లూ గొంతులో అడ్డం పడ్డ మాటను బయటికి తీశాను. "తాతా, అంతా అబద్ధం. ఇది చెక్క ఉడికిన నీళ్లు. నేను దేవుణ్ని నమ్మను, కాళేశ్వరం పోలేదు, కల రాలేదు."

ముసలాయన భక్తిగా చేతులు జోడించాడు. "గొప్పోళ్లు గట్లనే అంటరు" అని, నేను ఆపేలోగా కాగు కింది రాయి మీద, సరిగ్గా నా కాళ్ల ముందు, కొబ్బరికాయ కొట్టాడు.

అదే సమయానికి జీపు ఆగింది. పెద్దసారు కోస్తా మనిషి, ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. గడపలో నిలబడి పగిలిన కొబ్బరికాయను, చేతులు జోడించిన ముసలివాళ్లను, వాళ్ల మధ్య నిలబడ్డ నన్ను చూశాడు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన వంగి బూట్లు విప్పాడు.

అప్పుడే నూలు దండెం మీదికి వచ్చింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నేనూ అన్నీ మరిచిపోయాను. నా చాయ్ మరక ఎక్కడ, ఇదెక్కడ! వాన పడ్డ చెలక మట్టి ఎలా ఉంటుందో అలాంటి ఎరుపు, మెత్తగా, లోతుగా. అవ్వ నాలుక బయట పెట్టి పక్కన నూలు పట్టుకుంది. తేడా లేదు.

"ఏవిటండీ, మీ వాళ్ల మాటలు మొరటుగా ఉన్నా పని బాగుందే" అన్నాడు పెద్దసారు.

"మాటదేమున్నది సారు," అంది అవ్వ, "రంగు జూడు. అది ఏ యాసల ఉన్నది?"

పెద్దసారు నవ్వి, కేంద్రం నడుస్తుందని అక్కడికక్కడే చెప్పాడు. కాగుల వేలం మాట మళ్లీ ఎత్తలేదు. జీపు ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు. "ఒక సీసాలో కొంచెం పట్టిస్తారా? మా ఆవిడకు కీళ్ల నొప్పులు." ఆ రోజు కేంద్రాన్ని నిలబెట్టింది రంగా, కొబ్బరికాయా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. రంగే అని నమ్ముతున్నాను. ఆధారం అడగకండి.

రంగు ఎందుకు పట్టిందో మాత్రం తేల్చుకున్నాను. సండ్రకు గాలి కావాలి. ముంచిన నూలు గాలి తగిలి ఆరుతుంటే రంగు ముదురుతుంది. చేవ తక్కువ ఉన్న చెక్కయితే ఎక్కువసార్లు ముంచాలి, ఎక్కువసార్లు ఆరాలి. నేను పుస్తకం పట్టుకుని ఒక్కరోజులో ఉడికించి పారేశాను. వాళ్లకు అబద్ధం ఊళ్లు తిరిగి వచ్చేదాకా ఆగక తప్పదు. ఆగినన్ని రోజులు ముంచక తప్పదు. ఇంతే రహస్యం. అబద్ధం వాళ్లకు గడియారం.

ఈ సంగతి అవ్వకు రుజువు చేయాలని పట్టుబట్టాను. తర్వాతి విడతలో నూలును రెండు కాగులకు పంచాను. ఒకదాని పేరు మీద అవ్వ సంతలో మొసలిని విడిచింది. రెండోదాని పేరు మీద ఏ అబద్ధమూ లేదు. రెండింటినీ ఒకేలా ముంచాం, ఒకేలా ఆరవేశాం. రెండు రంగులూ అచ్చంగా ఒకటే. నేను గెలిచినవాడిలా నిలబడి, "ఇప్పుడేమంటావు అవ్వా?" అన్నాను.

అవ్వ రెండు కాగుల నూలునూ చూసి, నా ముఖం చూసి, జాలిపడింది. "మాట ఊరంత తిరిగినప్పుడు పక్క కాగుకు మాత్రం ఇనబడదా సారు? దానికి చెవుల్లేవా?"

చెవుల సంగతి పక్కన పెట్టండి. పరీక్షలో లోపం ఉందన్నది నిజం. రెండో కాగును పుకారు చేరని ఊళ్లో పెట్టాల్సింది. అలాంటి ఊరు మూడు తాలూకాల్లో వెతికాను, దొరకలేదు.

ఇక ముందు చెప్పకుండా దాచిన నియమం. రంగు దిగిన తర్వాత, మాట విడిచిన మనిషే మళ్లీ సంతకు పోయి దాన్ని దింపాలి. "నేను అన్న మాట అబద్ధం" అని తన నోటితో చెప్పాలి. పెద్దసారు వచ్చి పోయిన వారమే అవ్వ పాలకుర్తి సంతలో నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పింది. "మా రంగుల సారు గుడికి పోలె. గుండు కొట్టియ్యలె. నేనే ఉత్తగ అన్న."

ఎవరు నమ్మారు? "సారు ఎంత గుట్టుగ చేస్తున్నడో చూడు, అవ్వతోని కూడ చెప్పిస్తున్నడు" అన్నారు. నేను ఆ కబురు పట్టుకుని జనగామ మేడ ఎక్కాను. మా అధ్యక్షుడు అంతా విన్నాడు. నిదానంగా కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అవ్వ అబద్ధమని చెప్పిందా? ఆధారం?"

పుకారు వచ్చినప్పుడు గూట్లో పడుకున్న ఆ ప్రశ్న, నిజం వచ్చినప్పుడు నిద్ర లేచింది. ఆయన మీద నాకు కోపం లేదు. అబద్ధం గడప దాటేటప్పుడు కుర్చీ వేసి, నిజం వచ్చేటప్పుడు గుర్తింపు అడిగేవాళ్లం మనమంతా. కొన్నాళ్లకు నన్ను మళ్లీ చర్చలకు రానిచ్చారు కాని, నేను మాట్లాడటానికి లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా నెత్తి వంక చూసేవారు.

ఎనభైల్లో చెక్క రావడం తగ్గిపోయింది. అడవిలో చేవ పట్టిన సండ్ర కనిపించడమే అపురూపమైంది, పైదేశాల వాళ్ల మోజూ దిగింది. సర్కారు వారి జ్ఞానోదయం అస్తమించింది. కేంద్రం మూతపడి, నన్ను భూపాలపల్లి వైపు వేరే పనికి పంపారు. అవ్వ ఇంటివాళ్లు అప్పటికి కాచు పొట్లాలు కట్టి అమ్ముకోవడంలో కుదురుకున్నారు.

చాలా రోజులకు ఒకసారి పాలకుర్తి మీదుగా పోతూ సంత కనిపిస్తే బస్సు దిగాను. మూలన గొనెపట్టా మీద అవ్వ కూర్చుని కాచు అమ్ముతోంది. నడుము వంగిపోయింది, నాలుక రంగు మాత్రం దిగలేదు. పొట్లం తీసుకున్న ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపి చెబుతోంది.

"జర ఆగు బిడ్డా, ఒక మాట ఇను. మా రంగుల సారు కాళేశ్వరం పోలె. గుండు కొట్టియ్యలె. గది నేనే ఉత్తగ అన్న."

"ఏ సారు అవ్వా?" అంది ఆ అమ్మాయి, చెయ్యి విడిపించుకుని నవ్వుకుంటూ పోయింది. అవ్వ తర్వాతి మనిషి కోసం చూసింది.

నేను పోయి పక్కన కూర్చున్నాను. "అవ్వా, ఆ మాట ఎవరికీ యాదిలో లేదు. నన్నే మరిచిపోయారు. ఇక విడిచిపెట్టు."

ఆమె నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. పట్టాక ముందు నా జుట్టు చూసింది. అప్పటికి నిజంగానే పలచబడింది. నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అంది.

"ఇడిసినప్పుడు ఎవ్వలెవ్వలకు ఇడిసిన్నో నాకు యాదికి లేదు సారు. గందుకే అందరికి చెప్తున్న."

ఇదీ నేను చివరికి అట్టిపెట్టిన మాట. అవ్వకు ఎవరికి చెప్పిందో గుర్తులేదు, మీ ఫోనుకు గుర్తుంది. పేర్లతో సహా, గడియతో సహా గుర్తుంది. కాబట్టి ఈ పేజీ పక్కన పెట్టి ఫోను తీయండి. పొద్దున మీరు పంపిన దాన్ని మళ్లీ తెరవండి. కళ్లారా చూసినవాళ్లు ఎవరో, మీకు పంపిన మనిషిని అడగండి. జవాబు రాకపోతే, మీరు ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ, ఒక్కరినీ వదలకుండా, "నేను పంపిన మాట అబద్ధం" అని మీ చేత్తో రాసి పంపండి. రేపు కాదు, ఇప్పుడే. మీ పొయ్యి మీద కాగు కూడా లేదు, ఆగడానికి.